ఎక్కడ ఆగుతుందో

నెస్టర్ ట్రక్కు కన్నా ముందు దాని చప్పుడొచ్చేది.
టిక్, టిక్, టిక్...
నాలుక అంగిట్లో కొట్టి జాలిపడే ముసలమ్మలా.
డెబ్బై ఎనిమిది నాటి ఫోర్డు. వరసగా ఆరు సిలిండర్లు.
సస్కాచెవాన్‌లో, కనోరాకి తూర్పున,
గోధుమ మోళ్ల మీద మంచు పడ్డాక
చప్పుడు రెండు మైళ్లు నడిచి వస్తుంది.

ఆయనకది జబ్బు కాదు, థర్మామీటరు.
సున్నాకి పది కిందైతే ధాన్యం గోదాము దగ్గర ఆగేది.
ఇరవై కిందైతే కూజిక్ వాళ్ల పోస్టుడబ్బా దగ్గర.
ముప్ఫై దాటిందా, చర్చి గుమ్మటాలు కనబడేదాకా ఆగదు.
ఇనుము వేడెక్కి, ఒళ్లు విరుచుకుని,
తన సందు తనే మూసుకోవాలి మరి.
"రేడియో అబద్ధమాడొచ్చు, మానిఫోల్డ్ ఆడదు," అనేవాడు.

ఒరీసియా మాత్రం ఎంత చలిలోనూ
కిటికీ అద్దం రెండు వేళ్లు దించి కూర్చునేది.
పొగ తలకెక్కుతుందని చెప్పీ చెప్పీ మానేసింది.
నవంబరులో ఓ ఆదివారం
ఇంటి ముందు బండి ఆపి, ఇంజను ఆపకుండా,
స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోయాడు నెస్టర్.
లేపితే లేచాడు.
భార్య పేరు గుర్తు రావడానికి కాసేపు పట్టింది.

సోమవారం పొద్దున నా షెడ్డు ముందు ట్రక్కు.
తాళంచెవి ఆమె చేతిలో.

రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని
ఇంకో కొసతో ఇంజను చుట్టూ వెతికాను.
వెతకక్కర్లేదసలు. ఆరో సిలిండరు పక్కన
మసి నల్లగా వేలు పెట్టి చూపిస్తోంది.

మూడు రాత్రులు బోల్టులకి నూనె తాగించాను.
పది, బతిమాలితే వచ్చాయి.
పదకొండోది వెనకాల, చెయ్యి దూరని చోట.
విరిగే ముందు చేతికి తెలుస్తుంది,
గట్టిగా ఉన్నది ఉన్నట్టుండి వెన్నైపోతుంది.
బూతు నోటిదాకా వచ్చింది.
ఒరీసియా పక్కనే ఉంది. మింగేశాను.

మొండి మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేశాను.
ఊడింది. మళ్లీ చేశాను. మళ్లీ.
మూడోసారి అది ఎర్రగా కాలుతుంటే
ఆమె కోటు జేబులోంచి తేనెమైనం ముద్ద తీసింది.
ఈస్టరు గుడ్ల మీద గీతలు గీసే మైనం,
కొవ్వొత్తి మసికి సగం నల్లబడింది.
"మా నాన్న నాగలి బోల్టులకి ఇదే పెట్టేవాడు."
తాకీ తాకగానే చుయ్‌మని కరిగి,
నూనె మూడు రాత్రులైనా చేరని మరల్లోకి
ఒక్క గుక్కలో దిగిపోయింది.
షెడ్డంతా చర్చి వాసన.
పావు తిప్పు. వెనక్కి. అర తిప్పు.
ఇన్నేళ్ల పంతం కిర్రుమని మూలిగి
నా గ్లవ్‌లో రాలింది, చిటికెనవేలి కణుపంత.

తర్వాతదంతా ఓపిక పనే.
వంపు తేలిన ముఖాన్ని ఆకురాయితో చదును చేసి,
కొత్త గ్యాస్కెట్ వేసి,
నడిమి నుంచి కొసలకి, కొంచెం కొంచెంగా బిగించి,
ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించి.

నెస్టర్ నడిపాడు. మధ్యలో ఆమె, అంచున నేను.
గోదాము దాటింది. పోస్టుడబ్బా దాటింది.
ఆయన చెవి ఇంకా వింటోంది, లేనిదాన్ని.
గుమ్మటాల దగ్గర బండి ఆపి, తలుపు తీసి,
గాల్లోకి చెయ్యి చాపాడు.
"ఇవాళ ఎంత?" అన్నాడు, నన్ను చూసి.
నాకు తెలీదన్నాను.

నా చెవి పక్క ఆ రెండు వేళ్ల సందులోంచి మంచు పడుతోంది.
ఒరీసియా నా మీదుగా వంగి పిడి తిప్పబోయింది.
ఎన్ని చలికాలాల నుంచో అక్కడే ఉన్న అద్దం, కదల్లేదు.
ఏమీ అనలేదామె.
కోటు జేబులో చెయ్యి పెట్టింది.