మిగతా సగం

చింతల్‌లో, టైలరింగ్ షాపు మీద గది.
శనివారం రాత్రి కింద ఓవర్‌లాక్ మిషన్ ఆగాక
మా రాజ్యం మొదలవుతుంది.
బల్ల మీద గళ్ళ కాగితం, చెక్కిన పెన్సిళ్ళు,
ప్లేట్లో ఉస్మానియా బిస్కెట్లు, అవి గోబ్లిన్లు.
చంపినవాళ్ళు తినొచ్చు. అది మా ఇంటి నియమం.

ఫర్హీన్ వనకన్య.
నిద్రమంత్రం ఆమెకి పట్టదు, విషం మాత్రం అందరిలాగే ఎక్కుతుంది.
"ఐదొందల ఏళ్ళు బతికేదాన్ని, ఒక పుట్టగొడుగుకి పోతానా?"
అని ప్రతిసారీ నాతో తగువు.
డెన్నిస్ ఇనుప మనిషి.
పొట్టే లేనివాణ్ణి విషం ఏం చేస్తుంది?
విందుల్లో ఊరికే కూర్చుని గ్లాసులు తుడుస్తుంటాడు.
సువర్చలది నాగజాతి. తన విషం తనకెక్కదు,
ఇంకో పాముదైతే ఎక్కుతుందా అని
రెండు వారాలు వాదించుకున్నాం, తేలలేదు.

ఐలేష్ మరుగుజ్జు. పేరు గుండ్రాయి.
గడ్డం రంగు కూడా రాసుకున్నాడు: తుప్పు.
విషం దగ్గర మరుగుజ్జుకి రెండు పాచికలు, పెద్దదే లెక్క.
అయినా ఓడితే దెబ్బ సగమే.
ఆ వాక్యం కింద నేనే ఎర్రగీత గీశాను.

ఆ రాత్రి రాజుగారి విందు.
వాసన లేని సారా. గుండ్రాయి ఎత్తిన గిన్నె దించలేదు.
"వెయ్యి" అన్నాను.
ఐలేష్ పాచికని గుప్పిట్లోనే ఉంచుకుని
"మాకెందుకు సగం?" అన్నాడు.

కథ చెప్పేది నేను, తడుముకోకూడదు.
"ఏడు తరాలు గనుల్లో బతికారు.
రాగి ఊరిన నీళ్ళు తాగారు, రాళ్ళ పొగ పీల్చారు.
ఒళ్ళు అలవాటు పడింది."
బాగానే వచ్చిందనుకున్నాను.

"ఒళ్ళు అలవాటు పడదక్కా.
పడనోళ్ళు పోతరు.
మిగిలినోళ్ళను చూసి గట్టోళ్ళంటరు."

ఫ్యాన్ తిరుగుతోంది.
ఎవరూ గోబ్లిన్‌ని ముట్టలేదు.

ఐలేష్ మందుల కంపెనీలో, రియాక్టర్ దగ్గర,
వారం విడిచి వారం రాత్రి డ్యూటీ.
గోళ్ళు పసుపు, పెళ్ళిపసుపు కాదు.
"మా బోరింగు నీళ్ళు చాయ్ రంగుండేటియి.
పాలు పొయ్యకముందే చాయ్ అయిందని
మా నాయిన నవ్వేటోడు.
నాకంటె చిన్నోడొకడుండె" అన్నాడు,
అక్కడితో ఆపేశాడు.

పదకొండు దాటింది.
ఆ టైముకి వస్తుంది నాలా మీదుగా,
కుళ్ళిన క్యాబేజీకి నెయిల్ పాలిష్ పూసినట్టు.
ఫర్హీన్ దుపట్టా ముక్కు మీదికి లాక్కుంది.
సువర్చల లేచి కిటికీ మూసింది.
"ఏమైంది?"
"వాసన."
"ఏం వాసన?" అన్నాడు ఐలేష్,
నిజంగానే.

పాచిక వేశాడు. నాలుగు.
డెన్నిస్ రెండోదాన్ని మెల్లగా అతని వైపు జరిపాడు.
ఇనుప మనిషి వేళ్ళు కొంచెం వణికాయి.
ఐలేష్ దాన్ని తీసుకోలేదు.
"రాస్కో అక్కా. దెబ్బ పన్నెండు, నాకు ఆరు."
"ఆరు" అని రాశాను.
"మరి ఇంకో ఆరు ఎటు పోయినయ్?"

నియమాల పుస్తకం మూడొందల పేజీలు.
తాడు ధర ఉంది, గాడిద ఎంత బరువు మోస్తుందో ఉంది,
చచ్చిన డ్రాగన్ పళ్ళు ఎవరికి చెందుతాయో కూడా ఉంది.
చివరిదాకా తిరగేసి మూశాను.

ఒంటిగంటకి అతను బండి తీశాడు.
సాయంత్రమే కొని మెట్ల కింద పెట్టిన
ఇరవై లీటర్ల డబ్బాని కాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.
బిడ్డ తాగే నీళ్ళు.
మూత బిగుసుకుందో లేదో
రెండుసార్లు చూశాడు.