నలభై రెండు రోజుల గడువు

గ్రిమ్స్‌బీ టౌన్‌హాల్లో నాది ఒకటే బల్ల.
పుట్టినవాళ్ళూ, పోయినవాళ్ళూ దానిమీదుగానే.
పొద్దున తొమ్మిదిన్నరకి ఎల్సీని చావుల్లో రాశాను.
తొంభై మూడేళ్ళు. చేపల ఫ్యాక్టరీలో
ముళ్ళు తీసీ తీసీ గీతలు పడ్డ వేళ్ళట.
పదకొండున్నరకి ఎల్సీని పుట్టుకల్లో రాశాను.
పదకొండు రోజులు. ఒక ఆవులింత.
"ఎవరికీ లేని పేరు కావాలని తెగ వెతికామండీ"
అన్నాడు తండ్రి.
తలూపాను.
ఈ వారానికి ఆవిడ నాలుగో ఎల్సీ.

ట్రేసీలు, నైజెల్‌లు ఇంకా తిరిగి రాలేదు.
వాళ్ళింకా బస్టాపుల్లో ఉన్నారు,
కళ్ళజోళ్ళ దుకాణంలో రిపేరుకిచ్చి కూర్చున్నారు.
పేరు పాతబడితే చాలదు,
ఆ పేరుతో మనల్ని కసిరిన మనిషిని
అందరూ మరిచిపోవాలి.
అమ్మ పేరు మోటు,
అమ్మమ్మ పేరు పాతచింతకాయ పచ్చడి,
ముత్తవ్వ పేరు మాత్రం ముద్దు.

మనవాళ్ళూ వస్తారు, నలభై ఒకటో రోజున,
పార్కింగ్ టికెట్ టైమైపోతోందని వాచీ చూసుకుంటూ.
నక్షత్రం "చే" అంటుంది,
నాయనమ్మ వీడియో కాల్లోంచి లక్ష్మి కలపమంటుంది,
సంఖ్యాశాస్త్రం ఆయన రెండు హెచ్‌లు పెట్టమన్నాడు,
ఇక్కడి నాలుకేమో రెండక్షరాలకి మించి తిరగదు.
నిరుడు ఆద్యలు, ఈ ఏడు ఐరాలు.
అర్థమేమిటని అడిగితే
ఫోను తీస్తారు.

నా బ్యాడ్జీ మీద "టావీ" అని ఉంటుంది.
డెవన్‌లో అలాంటి పేరుతో ఒక ఏరుందట.
"ఏటి పేరు పెట్టారా మీవాళ్ళు!" అని
మా పక్క బల్ల లొరైన్ ముచ్చటపడిపోయింది.
అవునన్నాను.
పాలకొండ దగ్గర, ముగ్గురు పోయాక పుట్టిన నన్ను
చేటలో పడుకోబెట్టి, పక్కింటి గుమ్మంలో
సోలెడు తవుడికి అమ్మింది మా అమ్మ.
వెతుక్కుంటూ వచ్చినవాడు ధర కనుక్కుని
"తవుడు ఖరీదు పిల్లా? మోసుకెళ్ళడం దండగ" అనుకోవాలని.
తవిటమ్మ.
పెళ్ళి కార్డులో తనూజ అని అచ్చేయించారు.
పాస్‌పోర్టు ఆఫీసు ఒప్పుకోలేదు.

నిన్న డానియెల్ అనే ఆమె వచ్చింది, గడువు ఆఖరి రోజున.
పిల్ల ఉంది, పేరు లేదు.
పెన్ను పట్టుకుంది, పెట్టేసింది. మళ్ళీ పట్టుకుంది.
"ఇంతకుముందు మూడుసార్లు
కడుపులో ఉండగానే పేర్లు పెట్టేశాం" అంది.
"మూడూ ఎంత బాగుండేవో."
ఇంకేం చెప్పలేదు.
పిలిస్తే ఎవరు వింటారని భయమో
ఆమె భాషలో దానికో మాట ఉందో లేదో.
నేను తవుడు సంగతి చెప్పాను.
నవ్వింది. ముక్కు తుడుచుకుంది.
"ఇప్పుడు కొంటారా?" అంది.

రూల్స్ పుస్తకంలో దీనికి ఫారం లేదు.
తవుడూ లేదు.
సొరుగులో నా మధ్యాహ్నపు ఓట్స్ పొట్లం ఉంది,
ఒకటిన్నర చెంచా తక్కువ.
ఇచ్చాను.
పిల్లని బల్లమీదుగా అందుకున్నాను.
సీలింగు లైటు వంక చూసి ధర గట్టిగా చెప్పాను,
తెలుగులో,
ఎవరైనా వింటే వినాలని.

"ఎవరూ అడగని పేరు ఒకటి చెప్పండి."
"మోరీన్" అన్నాను. ఈ బల్ల మీద
నేను చావుల్లో తప్ప రాయని పేరు.
"మా మామయ్య మొదటి భార్య పేరు" అని మొహం చిట్లించింది,
"ఎవరికీ నచ్చేది కాదు."
ఆగి, "అదే రాయండి" అంది.

ఈ సిరా రాసినప్పుడు నీలం,
మర్నాటికి నలుపు.
పిల్లని వెనక్కి ఇచ్చేశాను. నాలుగు నిమిషాలు నాదే.
డానియెల్ పొట్లాన్ని సర్టిఫికెట్టుతో పాటు
మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

ఒంటిగంటకి లొరైన్ అడిగింది,
"టావీ, ఇవాళ తినవా? నీ ఓట్స్ ఏవి?"
అయిపోయాయన్నాను.