చచ్చినోళ్ల పద్దు

బెండిగోలో యూనియన్ హాలు వెనక గది.
కొళాయి కారుతూనే ఉంటుంది.
ఆ బల్ల దగ్గర నలభై రెండేళ్లుగా నా పని ఒకటే:
ఎవరు చచ్చారో రాసుకోవడం.

నాకప్పుడు పదమూడు. ఆడపిల్లని, పైగా కొత్తదాన్ని.
అందరికీ కత్తులిచ్చి నాకు పెన్సిలిచ్చారు.
"నీ రాత గుండ్రంగా ఉంది, నువ్వు రాయి" అన్నాడు రస్ ట్రెలోర్.
ఇంటికెళ్లి చెబితే నాన్న పడీపడీ నవ్వి
చిత్రగుప్తుడని పేరు పెట్టాడు.

నీలం అట్ట నోటుబుక్కు. మొదటి పద్దు:
గ్రేమ్ హోకింగ్ ఆడిన మరుగుజ్జు.
పేరు బూర్ట్ (బస్సు బోర్డు మీద చూసిన ఊరి పేరు).
గొయ్యి. మూడు నిమిషాలు.

అప్పట్లో పాచికలు నాసిరకం.
అంకెల్లో మైనపు రంగు మనమే రుద్దుకోవాలి.
ఇరవై ముఖాలదానికి నెలలోపే అంచులు అరిగి
గోలీలా దొర్లి గోడ దగ్గరికి పోయేది.
రూల్సు జిరాక్సు కాగితాల్లో ఉండేవి,
మడతలో చెరిగిపోయినచోట రస్ చెప్పిందే వేదం.

తలుపు తీస్తే రాక్షసుడు.
వాణ్ణి చంపితే బంగారం.
వాడక్కడెందుకున్నాడు, ఆ చీకట్లో ఏం తింటున్నాడు,
ఎవరమూ అడగలేదు.
మా ఊరూ అంతే కదా, కిందంతా సొరంగాలు,
బంగారం తవ్వుకుని వదిలేసినవి.

ఓ ఆదివారం పాస్టరుగారు ఇది దయ్యాల ఆటన్నాడు.
నెవిల్ వాళ్లమ్మ పాచికలన్నీ పెరట్లో పాతిపెట్టింది.
రెండు వారాలకి కుక్క తవ్వి తెచ్చి
సరిగ్గా ఆవిడ చెప్పుల్లోనే పెట్టింది.

ఆ తర్వాత పుస్తకాలు లావెక్కాయి.
ఒక్క దెబ్బ కొట్టాలంటే నాలుగు పట్టికలు తిరగెయ్యాలి,
ఆలోగా శత్రువు ముసలాడైపోయేవాడు.
నల్లకోట్లవాళ్లు కొందరొచ్చారు, రక్తం తాగుతూ తమ బాధలు చెప్పుకున్నారు,
కుర్చీలు సర్దకుండా వెళ్లిపోయారు.
కంప్యూటర్లు కుర్రాళ్లని ఒక్కొక్కణ్ణే ఎత్తుకుపోయాయి.
ఒక చలికాలమంతా బల్ల దగ్గర
నేను, రస్సు, కొళాయి.

వేరేవాళ్లు ఆడుతుంటే తెరమీద చూడ్డం మొదలైందట.
పెళ్లి భోజనం కిటికీలోంచి చూసినట్టు ఏమిటది, అనుకున్నాను.
కానీ చూసినవాళ్లే ఆకలేసి మా గది వెతుక్కుంటూ వచ్చారు.
ఇప్పుడు తొమ్మిదిమందిమి, ఆరుగురు ఆడవాళ్లం.
బల్ల మధ్యలో ఎర్రకార్డు.
ఎవరికైనా మనసు కష్టమైతే దాన్ని ముట్టుకుంటే చాలు,
కథ ఆగుతుంది.
నేను నవ్వాను.
ఒక శుక్రవారం నా వేలే దానిమీద పడింది.
ఎందుకని ఎవరూ అడగలేదు. టీ పెట్టారు.

వీళ్లు తలుపు తీసి రాక్షసుడి పేరడుగుతారు.
మొదటిసారి అడిగినప్పుడు రస్ తడుముకున్నాడు.
ఇన్నేళ్లలో అన్ని వందలమందిని సృష్టించి
ఒక్కడికీ పేరు పెట్టలేదాయన.

నా నోటుబుక్కులో రెండువందల పదకొండు చావులు.
పదిహేనేళ్లుగా కొత్త పేజీ తిప్పింది రెండుసార్లే.
పోయిన వారం టిల్లీ దాన్ని తెరిచింది,
గ్రేమ్ అన్నకూతురు, ముక్కుకి రింగు.
"బూర్ట్‌ని నేనాడతాను.
ఆ గోతిలో ఇన్నేళ్లూ ఏం తిన్నాడు?"
రస్ చేతులిప్పుడు వణుకుతాయి,
ఆయన పాచిక వేస్తే కుర్చీల కింద వెతుక్కోవాలి.
అలా పడుకోవచ్చా అని రూల్సులో చూడబోయాడు.
"మడతలో పోయింది" అన్నాన్నేను.

ఇవాళ గ్రేమ్ వచ్చాడు, కొళాయి బాగుచెయ్యడానికి.
ప్లంబరయ్యాడు. పొట్ట వచ్చింది.
"బూర్టా? అది ఊరు కదా" అన్నాడు మా మొహాలు చూసి.
ఏమీ గుర్తులేదన్నాడు.
వాషరు మార్చాడు, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు,
సంచి భుజాన వేసుకుని గుమ్మందాకా వెళ్లి
తిరక్కుండానే అడిగాడు:
"పైకొచ్చాడా మరి?"

టిల్లీ ఆ అరిగిన పాచికే అతని చేతిలో పెట్టింది.
చినుకు చప్పుడైనా లేని గదిలో
అది చాలాసేపు దొర్లింది.