అగ్గిపెట్టె దూరే సందు

ముందు బీడీ దూరీది.
అరసెయ్యి బల్ల మీద బోర్లిస్తే
ఉంగరం ఏలు కింద సన్నటి ఎలుగు,
ఆ సందులో ఒక్క బీడీ.
రెండేళ్లకి అగ్గిపెట్టె దూరింది.
ఇప్పుడు గడ్డం సబ్బు గిన్ని
తోసీవోడుంటే అదీ దూరతాది.

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో
నలభై ఏళ్లుగా నాది ఒకే కుర్సీ.
కత్తెర రింగులో పెట్టీది ఆ ఏలే.
"పట్టుకొని పట్టుకొని అలగే ఉండిపోనాది" అని
గిరాకీలతో కలిసి నవ్వినాను.
అరసేతిలో కాయ కాసినప్పుడు
పనోడి సెయ్యి కదా, కాయక ఏటవుద్ది అనుకున్నాను.
కాయ తాడయింది.
తోలు కింద తాడు, ఏలికి కట్టి
లోపలెవుడో నిమ్మళంగా లాగుతున్నట్టు.
నొప్పి లేదు. అదే మోసం.
నొప్పుంటే ముందే ఎల్లుందును.

సిన్నమ్మడు ఆవదం కాసి రాసింది,
ఉప్పు మూటతో కాపడం ఎట్టింది.
బూర్జ కాడ కట్లు కట్టీ ముసలాయన
మణికట్టు మీద మోకాలేసి ఏలు లాగినాడు.
నాకు సుక్కలు కనిపించినాయి.
ఏలికేటీ కనిపించినట్టు లేదు.

మొకం కడుక్కుంటే నా కంట్లో నా ఏలే పొడుస్తాది.
జేబులో సెయ్యెడితే సిల్లరతో సహా ఇరుక్కుంటాది,
కండక్టరు అరుస్తాడు.
దండమెడితే రెండు సేతులూ కలవవు.
ఒక్కటే లాభం:
అయ్యగారు తీర్తం పోస్తే
అందరి సందుల్లోంచీ కారుద్ది,
నా సేతిలో సుక్క జారదు.

నాదముని మేస్టారి సెవి తెగింది ఒక ఆదివారం.
"పర్లేదురా" అన్నారు, పటిక అద్దించుకున్నారు.
మరి రాలేదు.
ఎదర కొత్త సెలూన్ గాజు తలుపులోంచి
ఆయన ఎనక తల కనిపించింది.
ఆ తలలో సుడి ఎటుందో
ఆ కుర్రోడికేటి తెల్సు.

సిక్కోలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
మా పిల్లదాని ఈడుది.
"అరచెయ్యి బల్ల మీద బోర్లించండి తాతా" అంది.
తెల్సిన పరీచ్చే.
బీడీ తీయబోయి మానీసినాను.

సూదితో తాడు తెంపొచ్చంట,
ఆ పూటకే ఇంటికెల్లొచ్చంట,
మల్లీ ఒంగొచ్చంట.
కోసి తాడంతా తీసీయొచ్చంట,
నెలల తరబడి పని లేదు,
రేత్రుళ్లు సేతికి సెక్క కట్టుకు పడుకోవాల,
అయినా మల్లీ ఒంగొచ్చంట.
పై దేశాల్లో తాడు కరిగించీ మందుందంట.
ఆ మాట తనే అని తనే సెయ్యూపేసింది.
దేనొల్ల అంటే సుగరు, వొయసు, రగతం, ఏదైనా.
కత్తెరొల్ల కాదేటమ్మా?
"చెప్పలేం తాతా."
నలభై ఏళ్ల పనికి ఆ ఒక్క మాట.

ఆరోగ్యశ్రీ కిటికీ కాడ కుర్రోడు
జబ్బు పేరు కొట్టి, సెరిపి, కొట్టి
"స్పెల్లింగు రాయించుకు రా" అన్నాడు.

మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే
లేదమ్మా అనీసినాను.
బస్సు నాగావళి వంతెన ఎక్కినాక
మా అయ్య సెయ్యి గుర్తొచ్చింది.

బుగత గారింట పెళ్లి.
సన్నాయి కన్నం మీద ఆ ఏలు ఆనలేదు,
సరిగ్గా తాళి కట్టీ ఏళకి పాట పగిలిపోయింది.
తాగొచ్చినాడన్నారు.
నానూ అన్నాను.
సన్నాయి అటకెక్కింది.
సచ్చీదాకా ఆ సెయ్యి తువ్వాలు కిందే ఉండీది.
దాసుకున్నాడంటే తప్పు సేసినట్టే కదా అనుకున్నాను.

ఆ రేత్రి పెద్దోడు నిద్దరోతుంటే
అరసెయ్యి తడిమినాను.
మెత్తగా ఉంది.
"ఏటి నాన్నా?"
దోమ, అన్నాను.

లచ్చివారం సూది.
"ఎంత తిన్నగా కావాలి తాతా?" అనడిగింది డాక్టరమ్మ,
జాకెట్టు కొలత అడిగినట్టు.
పొద్దున్న కత్తెర రింగులోకి దూరాల,
సాయంత్రం కొట్టు కట్టీటప్పుడు
దాన్లోంచి బయటికి రావాల.
అగ్గిపెట్టె దూరినా పర్లేదమ్మా.