కూతవేటు దూరం

పటం మీద స్కార్‌వోగ్ నుంచి హెల్నెస్‌కి
ముప్పై ఎనిమిది కిలోమీటర్లు.
గాల్లో పదకొండు నిమిషాలు,
బెల్టు బిగించి వదులు చేసుకునేంత సేపు.
రోడ్డు మీదైతే ఫియోర్డు చుట్టూ తిరిగి నూట నలభై,
అదీ కొండ మీద మంచు గేటు తెరిచి ఉంటే.

నేను రన్‌వే మీద మంచు తోసే బండి నడుపుతాను.
నాకు దూరమంటే ఎనిమిది వందల మీటర్లు,
పోవడం, రావడం, మళ్లీ పోవడం.
ఓడ్‌వార్‌కి దూరమంటే ఒక గొంతు.

టవరంటే పెద్దగా ఊహించుకోకండి.
పద్దెనిమిది చెక్క మెట్లు, మసిబారిన కాఫీ కెటిల్,
నాలుగు వైపులా గాజు.
అందులో కూర్చుని ఇరవై రెండేళ్లు
విమానం లేచిన ప్రతిసారీ ఫోనెత్తి చెప్పేవాడు:
"పన్నెండూ నాలుక్కి లేచింది. ఆరుగురు. ఒక తపాలా సంచి."
అవతల సోల్‌ఫ్రిడ్: "సరే. ఇక్కడ అడ్డగాలి."
అంతే.
ముప్పై ఎనిమిది కిలోమీటర్ల కూతవేటులో బతికారు,
ఒకరి మొహం ఒకరు చూడలేదు.
ఆమె దగ్గుని బట్టి హెల్నెస్‌లో చలెంతో చెప్పేవాడు.
ఒక్కోసారి ఆ "సరే" వెనక ఏడుపుండేది.
ఏమైందని అడిగేవాడు కాదు,
గాలి ఎన్ని నాట్లో మాత్రం రెండోసారి అడిగేవాడు.

రిటైరైన మర్నాడు టికెట్ కొన్నాడు.
ఇస్త్రీ చొక్కా, మూడో వరస, కిటికీ పక్కన.
ఒళ్లో పొట్లం. అందులో ఏముందో అడగలేదు గానీ
ఎండుచేప వాసన దాగుతుందా?
టవర్లో కొత్త కుర్రాడు ఫోనెత్తాడు:
"పదీ ఇరవైకి లేచింది. ఏడుగురు."
ఏడోవాడెవరో చెప్పలేదు. వాడికేం తెలుసు.

హెల్నెస్ మీద సముద్రం వైపు నుంచి మంచు,
గోడకి సున్నం వేసినట్టు.
ఒకసారి దిగబోయి లేచారు. రెండోసారీ అంతే.
ప్రయాణికుడికి రేడియో వినపడదు,
అయినా ఓడ్‌వార్ పెదాలు కదిలాయట:
చూపు నాలుగొందల మీటర్లు, గాలి ఈశాన్యం,
రన్‌వే తెల్లగా ఉంది.
ఆమె ఇప్పుడు సరిగ్గా ఇదే అంటూ ఉంటుంది.
రెక్క కింద ఒక్క క్షణం పసుపు వెలుగు.
టవర్ దీపమో, చేపల ఫ్యాక్టరీదో.

నలభై ఒక్క నిమిషాలకి మళ్లీ ఇక్కడే దిగాడు,
నేను తోసిన దారి మీదే.
లెక్క ప్రకారం ప్రయాణించిన దూరం సున్నా.
పొట్లం నా చేతిలో పెట్టి "తినెయ్, పాడైపోతుంది" అన్నాడు.
ఎండుచేప పాడవడం నేనెక్కడా వినలేదు.

ఆ వేసవికి రెండు టవర్లకీ తాళాలు పడ్డాయి.
ఇప్పుడు దక్షిణాన ఎక్కడో పట్నంలో, కిటికీ లేని గదిలో
ఒకే అమ్మాయి రెండింటినీ చూస్తుంది.
శిక్షణకని పిలిస్తే వెళ్లాను.
ఎడమ తెరలో మా స్కార్‌వోగ్, నా బండి, అందులో ఇంకెవరో.
కుడి తెరలో హెల్నెస్.
మధ్య జానెడు.
విమానం ఎడమ అంచులో మాయమైంది.
ఆ పిల్ల ఫోనెత్తలేదు. ఎత్తి ఎవరికి చెప్పాలి, తనకేగా.
పదకొండు నిమిషాలు కాఫీ ఊదుకుంటూ తాగింది.

కుడి తెర మూలన, కంచె అవతల
ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడ
మా ఊరి దిక్కున్న ఆకాశాన్ని చూస్తూ నిలబడింది.
"రోజూ వస్తుంది" అంది అమ్మాయి,
తెర వైపు చూడకుండానే.

ఇంటికొచ్చి ఓడ్‌వార్‌కి చెప్పాను.
చాలాసేపటికి, గాలి ఎన్ని నాట్లుంది అన్నాడు.
చెప్పాను.
ఎన్ని, అన్నాడు మళ్లీ.