బురద గీత

పగలంతా ఆటోనగర్లో
లారీ బాడీల మీద గ్రైండర్ పట్టేవాణ్ణి,
డిస్టార్షన్ అంటే ఏమిటో నాకొకరు చెప్పాలా!
ఇనుము అరిస్తే రవ్వలొస్తాయి,
తీగ అరిస్తే పక్కింటి తలుపు తెరుచుకుంటుంది.
అందుకే రాత్రి పదకొండు దాటాక
సింగ్ నగర్ మూడో అంతస్తులో
హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటాను.
లోకానికి వినబడేది
ప్లాస్టిక్ ముక్క తీగల్ని గీరే చప్పుడొక్కటే,
బియ్యపు డబ్బా వెనక ఎలుక చేసేంత.

మొదటి రాత్రి
నేను మీటిన ఎప్పటికో వచ్చింది శబ్దం,
ప్లాట్‌ఫారం ఖాళీ లేక
బెజవాడ ఔటర్లో నిలబెట్టేసిన రైలులా.
బఫర్ తగ్గించమన్నాడు
పాత ల్యాప్‌టాప్ అమ్మిన షర్ఫుద్దీన్.
ఐదువందల పన్నెండు నుంచి
నూట ఇరవై ఎనిమిదికి దించాను.
రైలు కదిలింది.
ల్యాప్‌టాప్ ఫ్యాను మాత్రం ఇప్పటికీ రొప్పుతూనే ఉంది.

తెర మీద ఎన్ని ఆంప్లిఫయర్లో!
మీగడరంగువి, నల్లతోలువి, బంగారు నాబులవి.
ఒక్కదానికీ బరువు లేదు.
బీసెంట్ రోడ్డు బట్టలకొట్లో
అన్నీ దింపించి ఏదీ కొనని మనిషిలా
తెల్లవార్లూ తిరిగాను.
ప్రతిదానికీ గెయిన్ నిండుగా తిప్పాను.
ఎంత పెంచితే అంత సన్నగా,
కందిరీగ గాజుసీసాలో పడ్డట్టు.

ఆరునెలలు పట్టింది.
నేర్చుకున్నది చిటికెడు:
గెయిన్, నీకు కావాలనిపించిన దాంట్లో సగం చాలు.
అడుగున గుడగుడలాడేది బేస్ వాయించేవాడి సొత్తు, వదిలెయ్.
పైన చురచురమనేది ఎవడి సొత్తూ కాదు, కోసెయ్.
మధ్యన మిగిలేదే నువ్వు.
తెరమీది మైకుని స్పీకరు నడిబొడ్డు నుంచి
రెండు వేళ్లు పక్కకి జరుపు.
ఆపైన కళ్లు మూసుకో.
అంకెలు చూస్తూ వినేవాడికి
అంకెలే వినిపిస్తాయి.

అన్నీ చేశాను.
టోను బాగుంది.
కొత్త ఫ్లాట్లో టైల్స్ బాగున్నట్టు బాగుంది.

నాకు కావాల్సింది వేరే.
యేసురత్నం పెదనాన్న
లారీ ప్లైవుడ్డు మిగులుముక్కలతో చేసిచ్చిన పెట్టె,
అందులో పాత మైకుసెట్టు నుంచి ఊడదీసిన స్పీకరు,
వెనక మూడు వాల్వులు, వేడెక్కితే దుమ్ము కాలిన వాసన.
అప్పుడు కింద వాటాలో ఉండేవాళ్లం.
బుడమేరు వచ్చిన రాత్రి
బియ్యం పైకెక్కించాం, గ్యాసు బండ ఎక్కించాం,
గిటారు నెత్తిన పెట్టుకున్నాను.
పెట్టె ఇద్దరు పడితేగాని లేవదు.
"పోనీరా" అన్నాడు పెదనాన్న.
మళ్లీ దాని ఊసెత్తలేదు.

వాల్వులు చచ్చాయి.
ట్రాన్స్‌ఫార్మరు తుప్పు, చెక్క ఉబ్బు.
స్పీకరొక్కటి
డాబా మీద పదిరోజులెండి ఊపిరి తెచ్చుకుంది.
అట్టకోనుకి అడ్డంగా
బురదనీళ్లు ఆగిన గీత.

ఏ పెట్టె గొంతునైనా ఫైలుగా దింపుకోవచ్చట.
షర్ఫుద్దీనే చెప్పాడు.
ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో మిషన్లన్నీ ఆగాక
లారీ స్టీరియో తగిలించి, అద్దె మైకు ముందు పెట్టి,
లోతు నుంచి కీచుదాకా ఒకే కూత
పది సెకన్లు పంపాం అందులోంచి.
తొమ్మిదో సెకనులో బయట హారన్.
మళ్లీ మొదలు. ఈసారి కుక్క.
మూడోసారి కుదిరింది.

ఆ రాత్రి దాన్ని లోడ్ చేసి
లావు తీగ ఒక్కసారి మీటాను.
కొంచెం మొద్దుగా, జలుబు చేసినట్టు,
ఒక్క స్వరం దగ్గర మాత్రం
చెక్క గుమ్మంది.
ఏ నాబూ తిప్పలేదు.

పెదనాన్నకి నిద్ర పట్టినట్టు లేదు.
హెడ్‌ఫోన్లు తీసి ఆయన చెవులకి పెట్టి
ఇంకోసారి మీటాను.
చాలాసేపు విననట్టే ఉండి,
"వెనక చెక్క వదులైంది,
ఎడంపక్క మేకు బిగించు" అన్నాడు.