కౌంటు

రాత్రి రెండున్నర. గుంట మీద ఏరేటర్లు తిరగతా ఉండాయి.
టార్చి వేసి, చెక్‌ట్రే ఎత్తి,
మేత తిన్నాయి, పర్లేదనుకొని
షెడ్డు ముందర నులకమంచం మీద కూలబడి ఫోను తీస్తే
"రేవు" ఆట వాళ్ల కబురు:
మీతో ఒక శుభవార్త పంచుకోవాలి.

శుభవార్త అని మొదలైన ఉత్తరం
నా ఎరుకలో ఏదీ మంచిగా ముగియలా.

"రేవు" అంటే పెద్దగా ఏం లేదబ్బా.
పెన్నలో ఒక పడవ, చేతిలో గెడ.
అవతలి గట్టున ఒకామె వంకాయల గంపతో నిలబడుంటాది.
దాటించాలి, అంతే.
నీళ్లు తగ్గితే ఇసక పట్టేస్తుంది,
పెరిగితే పడవ సముద్రం దిక్కు పోద్ది.
ఓడిపోతే కుక్క మొరుగుద్ది,
తిట్టినట్టు కాదు, ఇంకోసారి రా అన్నట్టు.

ఆ కుక్క నిజం కుక్కే.
నెల్లూరు ట్రంకు రోడ్డులో టైర్ల షాపు పైన
రెండు గదుల్లో ముగ్గురు చేసిన ఆట ఇది.
పెంచల తేజ, షాహీనా,
పేరు చెప్పుకోని బొమ్మలాయన.
షాపు కుక్క గొంతు ఫోనులో పట్టి ఆటలో పెట్టారు.
అది చచ్చిపోయిన రోజు
ముక్కూ మొహం తెలియని మేమంతా
కావాలని ఓడిపోయాం,
దాని గొంతు వినడానికి.

ఇప్పుడా మూడు కుర్చీల్నీ ఒక పెద్ద కంపెనీ కొనేసింది.
దాని పేరు పలకాలంటే నాలుక మడత పడుద్ది.

తెల్లారేసరికి
కావలి డిపో కండక్టరు చెంగయ్య గొంతు పంపాడు.
మొదట బూతు, చివర బూతు,
మధ్యలో ఏదో ఉంది, బస్సు మోతలో వినపళ్లా.
బుచ్చిలో బట్టలు కుట్టే నూర్జహానక్క
"పోనీలే, ఆ రబ్బరు కంపులోంచి బిడ్డలు బయటపడ్డారు" అంది.
ఇంటరు పిల్లోడొకడు
తన నలభై తొమ్మిది రూపాయలు తనకిమ్మన్నాడు.
నాలుగేళ్లు ఆడి.
ఇంకెవరో తేజాని అమ్ముడుపోయినోడా అన్నారు.

ఆ మాట నేనూ కొట్టాను, పంపబోయి చెరిపేశా.
ఒకసారి లంక దగ్గర పడవ ఇరుక్కుంటుందని రాస్తే
తెల్లారుజామున మూడుకి జవాబిచ్చాడు:
"అన్నా, నువ్వు కూడా మేలుకోనే ఉండావా?"
మర్నాటికి పడవ కదిలింది.
అంతా కలిపి నా దగ్గర వాడికి ముట్టింది ఆ నలభై తొమ్మిదే.
వాడికీ అద్దె ఉంటాది, అమ్మ ఉంటాది.
అయినా కడుపులో ఏదో ముల్లు.

ఆ కబురు అడుగున చిన్నచ్చరాల్లో ఒక మాట ఉంది:
ముప్పై ఎనిమిది లక్షల ఆటగాళ్లతో సహా.

అక్కడ ఆగిపోయా.

మాకు తెలీని బేరం కాదిది.
కొనేవాడు గట్టు మీదికొస్తే
నీళ్ల రంగు చూడడు, మేం మేలుకున్న రాత్రులు చూడడు,
వల విసిరి, నాలుగు పట్టి, తూచి
కౌంటెంత అంటాడు.
కేజీకి ముప్పయ్యా, అరవయ్యా.
రొయ్యనెవరూ అడగరు.
నేనూ ఎప్పుడూ అడగలా.

వారానికి కొత్త ఆట దిగిందని ఫోను చెప్పింది.
చెంగయ్య దించుకొని చూశాడంట:
గంపలో వంకాయలు పోయి వజ్రాలొచ్చినాయి,
గెడ వేయాలంటే పది రూపాయలు, లేదా ఆరు గంటలు కాచుకోవాలి,
కుక్క మెడలో కంపెనీ రంగు పట్టీ.
"మొరగడం మాత్రం అదే" అన్నాడు,
అదే ఇంకా బాధన్నట్టు.

నేను దించుకోలా.
రోజుకి పదిసార్లు అడుగుద్ది,
పదిసార్లూ "తర్వాత" నొక్కుతా.
ఈ పగిలిన ఫోను బతికినన్నాళ్లు
పాత పెన్న నా జేబులోనే పారుద్ది.

ఇందాక ఆడతా ఉండంగా కరెంటు పోయింది.
ఏరేటర్లు ఆగినాయి. గుంట మీద ఒక్కసారిగా నిశ్శబ్దం,
గాలందక రొయ్యలు పైకి తేలే నిశ్శబ్దం.
ఫోను జేబులో వేసి జనరేటరు కాడికి పరుగెత్తా.
డీజిలు పోసి, తాడు లాగి, మళ్లీ లాగి,
అది అందుకొనే లోపల
పడవ సముద్రానికి కొట్టుకుపోయినట్టుంది.
జేబులో కుక్క మొరిగింది.

గట్టు మీద పడుకున్న మా కుక్క
తలెత్తి
చీకట్లో అటూ ఇటూ చూసింది.